కేసీ కాలువకు లండన్ చిరునామా: బ్రిటిష్ అధ్యయనాల సదస్సులో ఒక పత్రం, ఒక కేస్ స్టడీ

కర్నూలు–కడప (కేసీ) కాలువ మీద పరిశోధన చేస్తున్న నా విద్యార్థిని పంపిన పత్ర సంక్షిప్తాన్ని ఉత్తర అమెరికాలోని ఒక ప్రాంతీయ బ్రిటిష్ అధ్యయనాల సదస్సు మొదటి ఏడాది తిరస్కరించింది. వచ్చిన జవాబులో రెండే వాక్యాలున్నాయి. విషయం ఆసక్తికరంగా ఉందన్నది మొదటిది, దక్షిణాసియా అధ్యయనాల సదస్సుకు పంపితే ఎక్కువ ప్రయోజనం ఉంటుందన్నది రెండవది. మరుసటి ఏడాది అదే కాలువ మీద, అవే ఆధారాలతో రాసిన మరో సంక్షిప్తాన్ని అదే సదస్సు ఆమోదించింది. ఈ రెండు సంక్షిప్తాలకూ మధ్య ఏం మారింది, ఆ మార్పు పత్రం చదివిన గదిలో ఎలా పనిచేసింది, ఎక్కడ పనిచేయలేదు అన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ముప్పై ఏళ్లుగా ఆధునిక చరిత్ర బోధిస్తూ, పరిశోధకులకు గైడుగా ఉంటున్నదాన్ని కనుక ఇందులో నా తప్పు ఎంతో కూడా చెప్పవలసి ఉంది. మన విశ్వవిద్యాలయాల నుంచి ఇటువంటి సదస్సులకు వెళ్లే పిల్లలు ఏటా పెరుగుతున్నారు. వారికి ఇది పనికొస్తుందన్నదే నా ఉద్దేశం.

ముందుగా కాలువ సంగతి. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి కర్నూలు, నంద్యాల ప్రాంతాల మీదుగా కడప దాకా సుమారు 300 కిలోమీటర్ల పొడవున తవ్విన ఈ కాలువను పడవల రాకపోకలకూ, సాగుకూ కలిపి ఉద్దేశించారు. డచ్చివారు తవ్వించారన్న మాట మన దగ్గర ఇప్పటికీ వినిపిస్తుంది కానీ, తవ్వించింది మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ. అది 1858లో, అంటే ఈస్టిండియా కంపెనీ పాలన ముగిసి భారతదేశం నేరుగా రాణి ప్రభుత్వం కిందికి వెళ్లిన ఏడాదే, లండన్‌లో రూపుదిద్దుకున్న కంపెనీ. దాని వెనుక ఉన్న ఆలోచన ఆర్థర్ కాటన్‌ది. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలై 1852లో పూర్తయిన గోదావరి ఆనకట్ట ఇచ్చిన ఫలితాన్ని చూపించి, అటువంటి లాభమే తుంగభద్ర మీద కూడా వస్తుందని ఆయన వర్గం లండన్‌లో పెట్టుబడిదారులను ఒప్పించింది. పది లక్షల పౌండ్ల మూలధనం మీద ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. అంటే కాలువలో నీళ్లు పారినా పారకపోయినా, ఆ నీళ్లను రైతు కొన్నా కొనకపోయినా, ఏటా 50,000 పౌండ్లు వాటాదారులకు చేరతాయి. లోటు ఎంత ఉంటే అంత భారతదేశపు రెవెన్యూ భరిస్తుంది. రైలు కంపెనీలకు ఇచ్చిన హామీ పద్ధతే ఇది. కాలువ పూర్తయింది, నీళ్లు వచ్చాయి, రైతులు మాత్రం ఆశించినంతగా తీసుకోలేదు. 1876లో ధాత కరువు (ఆ తెలుగు సంవత్సరం పేరుతోనే పిలిచే కరువు) వచ్చినప్పుడు ఒక్కసారిగా తీసుకున్నారు, వానలు పడ్డాక మళ్లీ తగ్గించారు. చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది.

మా అమ్మాయి (ఆమె పేరు రాయడం లేదు, గైడుగా నాకు అలా పిలవడమే అలవాటు) ఈ కాలువ ఆయకట్టు కింద పొలం ఉన్న ఇంటి పిల్ల. చిన్నప్పుడు కాలువ గట్టు మీద నడిచి బడికి వెళ్లిన పిల్ల ఆ కాలువ చరిత్రనే సిద్ధాంత వ్యాసానికి ఎంచుకోవడం నాకు చాలా సంతోషం కలిగించింది. ఆ సంతోషంలోనే మొదటి పొరపాటు కూడా జరిగింది.

మొదటి సంక్షిప్తం

సదస్సు అడిగింది 250 పదాలు. మేము పంపిన 250 పదాల్లో రాయలసీమ కరువు ప్రాంతమన్న వాక్యంతో మొదలుపెట్టి, కాలువ పొడవు, అది దాటే వాగులు, ఆయకట్టు, నీటి తీరువా, ధాత కరువు నాటి పరిస్థితి, 1882లో కొనుగోలు వరుసగా చెప్పుకుంటూ వెళ్లాం. ఇంగ్లండు ప్రస్తావన అందులో ‘బ్రిటిష్ వారి కాలంలో’ అన్న మాట దగ్గర ఒక్కసారి వచ్చి పోయింది. దాన్ని నేను చదివి, ఒక్క అక్షరం మార్చకుండా పంపమన్నాను. మన దేశంలోని చరిత్ర కాంగ్రెస్సులకు ఆ సంక్షిప్తం సరిగ్గా సరిపోతుంది. అక్కడ వినేవారికి రాయలసీమ ఎందుకు ముఖ్యమో చెప్పనక్కరలేదు. ఇక్కడ ఆ అలవాటే మమ్మల్ని దెబ్బతీసింది.

బ్రిటిష్ అధ్యయనాలన్నది ఒక విభాగంగా ఎలా తయారైందో చూస్తే ఆ తిరస్కరణలో అన్యాయమేమీ కనిపించదు. అమెరికా, కెనడాల్లోని పరిశోధకుల ప్రధాన సంఘం 1950లో మొదలైంది. వారి జర్నల్ ఆఫ్ బ్రిటిష్ స్టడీస్ 1961 నుంచి వస్తోంది. పసిఫిక్ తీరం, మధ్య పశ్చిమం వంటి ప్రాంతాలకు విడివిడిగా చిన్న సదస్సులున్నాయి. చాలాకాలం ఇంగ్లండు పార్లమెంటు, ట్యూడర్, స్టూవర్ట్ రాజవంశాలు ఈ సంఘానికి ప్రధాన విషయాలుగా ఉండేవి. తర్వాత స్కాట్లండు, వేల్స్, ఐర్లండు తమ తమ చోటు అడిగి తీసుకున్నాయి. ఆ తర్వాతే సామ్రాజ్యం లోపలికి వచ్చింది. అది కూడా ఒక షరతు మీద వచ్చింది. వలస దేశంలో జరిగిన సంగతి బ్రిటన్‌ను కూడా ఎలా మలిచిందో, బ్రిటన్‌లోని ఏ సంస్థను, ఏ చట్టాన్ని, ఎవరి జేబును తాకిందో చూపించాలన్నదే ఆ షరతు. అది రాసిపెట్టిన నియమమేమీ కాదు. అయినా ఎంపిక సంఘంలో కూర్చున్నవారు ప్రతి సంక్షిప్తాన్నీ ఈ ప్రశ్నతోనే చదువుతారని నా అనుభవం.

ఈ షరతును తప్పుబట్టేవారు మనలో ఉన్నారు. మన చరిత్ర మన కాళ్ల మీద నిలబడాలి గాని లండన్ భుజం మీద వాలడం ఎందుకని వారి ప్రశ్న. ఆ ప్రశ్నను నేను గౌరవిస్తాను. కేసీ కాలువ విషయంలో మాత్రం లండన్‌ను లోపలికి తేవడం అవతలివారిని మెప్పించడానికి చేసిన సర్దుబాటు కాదు. దాన్ని వదిలేసినందువల్ల మా మొదటి సంక్షిప్తం చరిత్రగా కూడా అసంపూర్ణంగా ఉంది. కాలువకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో, నష్టం ఎవరి మీద పడిందో చెప్పకుండా కాలువ గురించి ఏం చెప్పినట్టు?

రెండవ సంక్షిప్తం

తిరస్కరణ వచ్చిన రోజు సాయంత్రం అమ్మాయి మా ఇంటికి వచ్చింది. “మేడమ్, రాయలసీమను తీసేస్తే ఒప్పుకుంటారేమో” అంది. “తీసేయకమ్మా, కాలువ తవ్వమని ఎవరు ఎక్కడ కూర్చుని నిర్ణయించారో అక్కడి నుంచి మొదలుపెట్టు” అన్నాను. తర్వాత రెండు నెలల పాటు మేము చేసిన పని అంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరిగింది.

ఆధారాలు అప్పటికే ఆమె దగ్గర ఉన్నాయి. అంతకుముందు ఏడాది లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీకి వెళ్లి ఇండియా ఆఫీసు (భారత పాలనను లండన్ నుంచి చూసిన కార్యాలయం) దస్తావేజుల్లోని పబ్లిక్ వర్క్స్ శాఖ కాగితాలు, పార్లమెంటు పత్రాలు చూసి వచ్చింది. చెన్నైలో ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రభుత్వ ఉత్తర్వులు చూసింది. నరహరి గోపాలకృష్ణమ సెట్టి 1886లో వెలువరించిన కర్నూలు జిల్లా మాన్యువల్, గ్రిబుల్ 1875లో రాసిన కడప మాన్యువల్ ఆమె బల్ల మీద ఎప్పుడూ ఉండేవి. లండన్ కాగితాలను వాడుతున్న తీరులోనే లోపం ఉండేది. అంతవరకు కాలువ గురించిన వివరాలు ఏరుకోవడానికే వాటిని చదివాం. ఈసారి ఆ కాగితాలు రాసినవారికి కావలసింది ఏమిటి, వారు దేనికి భయపడ్డారు అని అడుగుతూ చదివాం.

అలా చదివితే కథ వేరుగా కనిపించింది. హామీ వడ్డీ ఉన్నందువల్ల, కర్నూలు రైతు నీళ్లు కొంటాడా లేదా అన్నది ముందుగా తెలుసుకోవలసిన ఒత్తిడి కంపెనీ మీద తగ్గిపోయింది. అదే కాలంలో ఒరిస్సాలో హామీ లేకుండా పెట్టుబడి సమీకరించిన మరో ఇరిగేషన్ కంపెనీ చేతులెత్తేస్తే, దాని పనులను 1860ల చివరికే ప్రభుత్వం తీసుకుంది. హామీ ఉన్న మద్రాస్ కంపెనీ మాత్రం 1882 దాకా నడిచింది. 1877–78 కరువు చర్చల్లో ఈ కాలువ ఇంగ్లండులో రెండు పక్షాలకూ సాక్ష్యమైంది. మాంచెస్టర్‌లో పార్లమెంటు సభ్యుడు జాన్ బ్రైట్, పత్రికల్లో నర్సింగుకు పేరుపడ్డ ఫ్లోరెన్స్ నైటింగేల్, 1878లో కామన్స్ సభ సెలెక్ట్ కమిటీ ముందు కాటన్ నీటిపారుదల పక్షాన మాట్లాడారు. కాలువలు నష్టమని వాదించినవారు కర్నూలును వేలెత్తి చూపారు. నష్టానికి వారు చెప్పిన కారణం ఒక్కటే: రైతు నీళ్లు తీసుకోలేదు. అతను ఎందుకు తీసుకోలేదన్న ప్రశ్నకు జవాబు వారి కాగితాల్లో కంటే మా అమ్మాయి ఊరి నేలలో ఎక్కువ స్పష్టంగా ఉంది.

కొత్త సంక్షిప్తం మొదటి వాక్యం లండన్‌లో పుట్టిన హామీ గురించి, చివరి వాక్యం నల్లరేగడి గురించి. మధ్యలో ఉన్న వాదం ఇది: పెట్టుబడికి రక్షణ ఇచ్చిన ఏర్పాటే పెట్టుబడి పెట్టేవాడికి నేల గురించి తెలియకుండా చేసింది. కాలువ పొడవు, వాగులు, వంతెనలు అన్నీ పోయాయి. ధాత కరువు ఒక్క వాక్యంలో నిలిచింది. ఆ వాక్యాన్ని కుదించేటప్పుడు అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్ల ఊళ్లో ఆ కరువు పేరు ఇప్పటికీ పెద్దల నోట వినపడుతుంది. సిద్ధాంత వ్యాసంలో దానికి ఒక అధ్యాయమే ఉందని గుర్తుచేశాను.

ఇంకొకటి కూడా మార్చాం. మొదటిసారి ఒంటరి పత్రంగా పంపాం. ఒంటరి పత్రాలను నిర్వాహకులు ఎక్కడో ఒకచోట సర్దవలసి వస్తుంది, సర్దలేకపోతే వదిలేస్తారు. రెండవసారి మూడు పత్రాల ప్యానెల్‌గా పంపాం. లండన్‌లో ఆర్కైవ్స్‌లో పరిచయమైన ఒక పరిశోధకుడు రైలు కంపెనీల హామీ మీద పనిచేస్తున్నాడు, అతని ద్వారా ఐర్లండు ప్రజాపనుల మీద రాస్తున్న మరొకరు తెలిశారు. ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్నది ప్రభుత్వ డబ్బుతో నడిచే పనుల్లో నష్టం ఎవరిదన్న ప్రశ్న. ప్యానెల్ శీర్షిక అదే అయింది. విక్టోరియా కాలపు ఆర్థిక చరిత్ర చెప్పే ఒక ప్రొఫెసర్ వ్యాఖ్యాతగా, అంటే పత్రాలను ముందే చదివి సెషన్‌లో వాటి మీద అభిప్రాయం చెప్పేవారిగా, ఉండటానికి అంగీకరించారు.

ఇరవై నిమిషాలు

అమ్మాయి దగ్గరున్న అధ్యాయం 41 పేజీలు. ప్రతి పత్రానికీ ఇచ్చింది 20 నిమిషాలు. తొందరపడకుండా ఇంగ్లీషులో చదివితే రెండు పేరాల మధ్య ఊపిరి తీసుకునే విరామాలతో కలిపి 20 నిమిషాలకు పదకొండు, పన్నెండు పేజీలు పడతాయి. మొదటి కుదింపులో ఆమె అధ్యాయంలోని ప్రతి భాగం నుంచీ కొంచెం కొంచెం కోసి 19 పేజీలకు తెచ్చింది. అన్ని భాగాలూ మిగిలాయి గాని ఏ భాగానికీ బలం మిగలలేదు. అప్పుడు అధ్యాయాన్ని పక్కన పెట్టి, తెల్లకాగితం మీద మళ్లీ రాయమన్నాను. చెవితో వినేవాడు వెనక్కి పేజీ తిప్పలేడు కనుక, వాదాన్ని మొదటి రెండు నిమిషాల్లో ఒకసారి, నేల సంగతి చెప్పాక ఇంకొకసారి చెప్పాలి. ఉటంకింపులు రెండుకు మించకూడదు. ఒక్కో ఉటంకింపు చదివే ముందు అది ఎవరిదో, ఎప్పటిదో చెప్పాలి. ఇలా తిరిగి రాస్తే పన్నెండు పేజీలైంది, తర్వాత పదకొండుకు దిగింది. వ్యాఖ్యాతకు నాలుగు వారాల ముందే పంపాం. ఈ గడువును మనవాళ్లు తేలికగా తీసుకుంటారు. ఆలస్యంగా పంపిన పత్రానికి వ్యాఖ్యాత మర్యాదకు రెండు మాటలు మాత్రమే చెప్పగలడు, ఆ నష్టం పూర్తిగా రాసినవారిదే.

ఇక్కడ అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఒక రిహార్సల్. అమెరికాలో పుట్టి పెరిగి, అక్కడే కాలేజీలో చదువుతున్న మా బంధువుల అమ్మాయిని వీడియో కాల్‌లో కూర్చోబెట్టి పత్రమంతా చదివి వినిపించమన్నాను. ఆ పిల్లకు చరిత్రతో సంబంధం లేదు, అందుకే ఆమెను ఎంచుకున్నాను. పత్రం అయిపోయాక ఆమె ఒకే ప్రశ్న వేసింది: “అక్కా, నేల ఎండిపోయి ఉందని నువ్వే చెప్పావు కదా, మరి వాళ్లకు నీళ్లు ఎందుకు వద్దు?”

ఇద్దరమూ కాసేపు మాట్లాడలేకపోయాం. పత్రమంతటా అమ్మాయి ‘డ్రై ల్యాండ్’ అన్న మాట వాడింది. రెవెన్యూ కాగితాల్లో ఉన్న మాట అదే, మద్రాసు రాష్ట్ర చరిత్ర రాసేవారందరూ వాడే మాట అదే, మేమూ ఆలోచించకుండా వాడాం. మన చెవికి అది మెట్ట అని వినిపిస్తుంది. మెట్ట అంటే నీళ్లు లేని బీడు కాదు. వాన తేమతో జొన్న, పత్తి, శనగ పండించే భూమి అది. అందులో మంచి రేగడి ఉంటే మాగాణికి తీసిపోని విలువ దానికి ఉంటుంది. రెవెన్యూ లెక్కల్లో ‘డ్రై’ అన్నది శిస్తు కట్టే తరగతి పేరు. ఇంగ్లీషు తప్ప తెలియనివారికి అది ఎండిన నేల, నీళ్ల కోసం నోరు తెరుచుకున్న నేల. ఆ మాట విన్నవాడు రైతు నీళ్లు వద్దన్నాడంటే రైతుదే తెలివితక్కువతనమని అనుకుంటాడు. 1860ల్లో లండన్‌లో కంపెనీ బోర్డు ముందు కాగితాలు పరుచుకుని కూర్చున్నవారు కూడా ఇదే మాట చదివి, ఇలాగే అనుకుని ఉంటే అందులో వింత లేదు. అంటే ఈ అపార్థం మా పత్రంలోని లోపం మాత్రమే కాదు, పత్రం చెప్పవలసిన విషయంలో ఒక భాగం.

ఆ రాత్రి అమ్మాయి వాళ్ల నాన్నకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి నాకు కూడా వినిపించింది. రేగడి చేనుకు కాలువ నీళ్లు ఎందుకు పెట్టరని అడిగితే ఆయన కొంచెం ఆశ్చర్యపడినట్టున్నాడు. “రేగడికి వాన తేమ చాలమ్మా. ఎక్కువ నీళ్లు పెడితే చేను చెడిపోతాది. ఎర్రనేలకైతే నీళ్లు కావాల” అన్నాడు. నల్లరేగడి తేమను చాలాకాలం పట్టి ఉంచుతుంది. నీళ్లు నిలిస్తే ఆరదు, కాలు దిగబడుతుంది, దుక్కి సాగదు. వాన సరిగ్గా పడే ఏడాది ఆ రైతుకు కాలువ నీటితో పనిలేదు. పైగా దానికి తీరువా కట్టాలి, గట్లు వేసుకోవాలి, చదును చేసుకోవాలి, అలవాటు లేని వరిలోకి దిగాలి. వాన పూర్తిగా తప్పిన ధాత సంవత్సరంలో అతనే కాలువ దగ్గరికి వెళ్లాడు. ఇందులో మొండితనం లేదు, లెక్క ఉంది. గోదావరి డెల్టాలో లెక్క వేరు. అక్కడ ఒండ్రు నేల, ముందునుంచీ వరి, పల్లానికి తనంత తాను పారే నీళ్లు. ఒక నేల మీద రుజువైన లాభాన్ని వేరే నేల మీద అంచనా వేసి వాటాలు అమ్మారు.

పత్రంలో ఆ తర్వాత ‘డ్రై’ అన్న మాట ఒకే ఒక్కచోట, అది శిస్తు తరగతి అని వివరించడానికి మాత్రమే మిగిలింది. మిగతా చోట్ల మెట్ట, రేగడి అన్న తెలుగు మాటలే వాడి, మొదటిసారి వచ్చినప్పుడు ఒక్కో వాక్యంలో అర్థం చెప్పింది. వినేవారికి పరభాషా పదాలు భారమవుతాయని నేను మొదట సందేహించాను. రెండే పదాలు, స్పష్టంగా పరిచయం చేసినవి, భారం కావని ఆ గదిలో చూశాను. చర్చలో వ్యాఖ్యాతే రేగడి అన్న మాటను తన నోటితో వాడారు.

స్లైడ్ల విషయం క్లుప్తంగా చెబుతాను. మొదట పద్నాలుగు ఉండేవి, ఆరు మిగిల్చాం. ఇరవైకి పైగా ఊర్ల పేర్లున్న పటం తీసేసి, సుంకేసుల, కర్నూలు, కడప, మద్రాసు మాత్రమే ఉన్న పటం గీయించాం. ఎండాకాలంలో నెర్రెలు విచ్చిన రేగడి ఫోటో, అదే చేను శనగతో నిండుగా ఉన్న ఫోటో పక్కపక్కన పెట్టాం. రెండూ అమ్మాయి సొంత ఊరివి. ఈ జంట ఫోటోలు మెట్ట అన్న మాటకు మేం చెప్పిన అర్థాన్ని చూసే కళ్లకు కూడా అందించాయి. పౌండ్ల పక్కన రూపాయలు వేశాం, అప్పటి మారకం పౌనుకు సుమారు పది రూపాయలు. ప్రయాణ సంగతులు రాయను; వీసా సమయానికి వచ్చింది, గ్రాంటు మంజూరు ఉత్తర్వు మాత్రం ఆమె తిరిగి వచ్చాక చేతికందింది, ఈలోగా వాళ్ల నాన్న అప్పు చేశాడు. ఈ ఒక్క విషయంలో మన సంస్థలు మారాలని గట్టిగా కోరుకుంటున్నాను.

గదిలో

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు సెషన్. మా అబ్బాయి దగ్గరికి వెళ్లి ఉన్నందువల్ల నేను కూడా రాగలిగాను, చివరి వరుసలో కూర్చున్నాను. వినడానికి వచ్చినవారు పద్నాలుగు మంది. ఆ సంఖ్య చూసి అమ్మాయి కొంచెం దిగాలు పడింది. మన దగ్గర సభ అంటే నిండిన హాలు. ఇటువంటి సదస్సుల్లో ఒకే సమయానికి ఐదారు గదుల్లో సెషన్లు నడుస్తాయి కనుక, పద్నాలుగు మంది రావడమే మంచి హాజరు. వచ్చినవారు ఆ విషయం కోసమే వచ్చినవారు.

ఆమె పందొమ్మిదిన్నర నిమిషాల్లో ముగించింది. ఆమెకు ముందు చదివినవారు ఏడు నిమిషాలు ఎక్కువ తీసుకున్నారు, అధ్యక్షులు రెండుసార్లు చీటీ చూపించారు. అటువంటప్పుడు తర్వాత మాట్లాడేవారు కంగారుపడి వేగం పెంచుతారు. అలా జరగవచ్చునని ముందే అనుకుని, అవసరమైతే వదిలేయగల ఒక పేరాను పెన్సిలుతో గుర్తుపెట్టి ఉంచాం. ఆమె ఆ పేరా వదిలేసి, మిగతాది మామూలు వేగంతోనే చదివింది. కడప అన్న పేరును కాగితాల్లో ఉన్న ‘కుడ్డపా’ స్పెల్లింగుతో ఒకసారి కలిపి చెప్పి, అక్కడి నుంచి కడప అనే పలికింది. ఈ చిన్న నిర్ణయం నాకు బాగా నచ్చింది.

వ్యాఖ్యాత మూడు పత్రాలనూ కలిపి పదిహేను నిమిషాలు మాట్లాడారు. మా అమ్మాయి పత్రం గురించి చెప్పినదాంట్లో విలువైనది ఐర్లండు పోలిక. ఐర్లండులో ప్రజాపనుల బోర్డు 1831 నుంచే ఉందనీ, 1846–47లో కరువు పనులన్నీ దాని చేతి మీదుగానే నడిచాయనీ గుర్తుచేసి, లండన్ అధికారులు ఐర్లండు అనుభవం నుంచి నేర్చుకున్న భయాలను మద్రాసుకు మోసుకెళ్లారేమో చూడమన్నారు. మేం ఇద్దరం ఎన్నడూ ఆలోచించని దారి అది. మద్రాసు కాగితాలు మాత్రమే చదివితే ఎప్పటికీ కనిపించని దారి కూడా. ఈ సదస్సుకు వెళ్లినందుకు దక్కిన ఫలితం ఏదంటే నేను దీన్నే మొదట చెబుతాను.

విమర్శ కూడా వచ్చింది. హామీ వల్ల కంపెనీకి నేల గురించి తెలుసుకోవలసిన అవసరం తగ్గిందన్న వాదానికి పత్రంలో చూపిన ఆధారం పరోక్షమైనదేననీ, కంపెనీ లోపలి ఉత్తరప్రత్యుత్తరాల్లో నేల గురించిన చర్చ ఉందో లేదో చూపాలనీ వ్యాఖ్యాత అన్నారు. అది న్యాయమైన మాట. అమ్మాయి వాదించకుండా రాసుకుంది.

ప్రశ్నల సమయంలో రెండు ఘట్టాలున్నాయి. ఒక పెద్దాయన, రైతు నీళ్లు వద్దనడానికి తీరువా ఎక్కువ కావడం కారణం కాదా అని అడిగారు. దీనికి ఆమె సిద్ధంగా ఉంది. తీరువా ఒక కారణమేననీ, అయితే ధర ఒక్కటే కారణమైతే కరువు పోయిన తర్వాత నీటి వాడకం అంత త్వరగా ఎందుకు తగ్గిందో చెప్పలేమనీ, తడి అవసరం ఏడాదికో రకంగా మారే నేలకు ఏటా ఒకే రకంగా నీళ్లు అమ్మాలనుకోవడంలోనే చిక్కు ఉందనీ వివరించింది. ఆయన తృప్తిపడ్డారు.

రెండవ ప్రశ్న ఒక యువ పరిశోధకురాలిది: ఆ కంపెనీ వాటాదారులు ఎవరు? పెద్ద వర్తకులా, భారతదేశంలో ఉద్యోగం చేసి రిటైరైన అధికారులా, స్థిరమైన వడ్డీ కోసం చూసే మధ్యతరగతి కుటుంబాలా? అమ్మాయి దగ్గర జవాబు లేదు. ఆ క్షణంలో ఆమె ముఖం నాకు కనిపించింది. మన పిల్లలు ఇటువంటి చోట తెలియదని చెప్పడానికి సిగ్గుపడి, దూరంగా ఉన్న ఏదో సంగతి చెప్పి తప్పించుకుంటారు. దానికి వారిని అలా తయారుచేసిన వైవా పరీక్షలే కారణమని నేను అనుకుంటాను. ఆమె నిలబడి, వాటాదారుల జాబితాను తాను చూడలేదనీ, చూసి ఉండవలసిందనీ, అది తెలిస్తే హామీ ఎవరి రక్షణ కోసం అన్న తన ప్రశ్నకు పత్రంలో ఉన్నదాని కంటే మంచి జవాబు దొరుకుతుందనీ చెప్పింది. అడిగినామె సెషన్ అయ్యాక దగ్గరికి వచ్చి, తాను రైలు కంపెనీల వాటాదారుల పట్టికలు ఎక్కడ ఎలా వెతికిందో అరగంట కూర్చుని వివరించింది. కారిడార్‌లో జరిగిన ఆ సంభాషణను అమ్మాయి నాలుగు పేజీలు రాసుకుంది.

తర్వాత

తిరిగొచ్చాక మొదటి వారంలోనే ఆమెతో ఒక పని చేయించాను. వ్యాఖ్యాత రాతపూర్వకంగా ఇచ్చిన అభిప్రాయాలు, ప్రశ్నలు, కారిడార్ నోట్సు అన్నీ ఒకచోట పెట్టి, ఏది సిద్ధాంత వ్యాసంలోకి వెళ్తుంది, ఏది తర్వాతి వ్యాసానికి వెళ్తుంది, ఏది వదిలేయాలి అని రాయించాను. వారం దాటితే ఆ మాటల్లో సగం మసకబారతాయి. ఐర్లండు పోలికను సిద్ధాంత వ్యాసంలో చేర్చలేదు. దానికి డబ్లిన్ కాగితాలు చదవాలి, అంత వ్యవధి లేదు. వాటాదారుల సంగతి తప్పనిసరి. బ్రిటిష్ లైబ్రరీలో అకౌంటెంట్ జనరల్ దస్తావేజుల కోసం అభ్యర్థన పెట్టింది, వచ్చే వేసవిలో మళ్లీ వెళ్తుంది. కంపెనీ లోపలి ఉత్తరాల్లో నేల గురించి ఏముందో వెతకడం కూడా అప్పుడే.

సిద్ధాంత వ్యాసం మూడవ అధ్యాయాన్ని ఆమె తిరగరాసింది. పాత ప్రతి తుంగభద్ర పొడవుతో మొదలయ్యేది. కొత్త ప్రతి లండన్‌లో వాటాలు అమ్మిన ప్రకటనతో మొదలై, రెండవ పేజీలో నేరుగా రేగడిలోకి వస్తుంది. మెట్ట అన్న మాట అధ్యాయమంతటా మెట్టగానే ఉంది. అధ్యాయం చివర ఆమె ఒక ఫుట్‌నోట్ చేర్చింది. తన తండ్రి ఫోన్‌లో చెప్పిన మాటలు, తేదీ, ఊరు, నేల రకం, పొలం విస్తీర్ణంతో సహా అందులో ఉన్నాయి. మౌఖిక ఆధారంగా దాన్ని ఎలా చూపాలన్న నియమం మా విభాగంలో లేదు కనుక, ఆ నియమం రాయవలసిన పని ఇప్పుడు నా మీద ఉంది.